త్రిపురాంతకంలో మూడు ముళ్ళు

శ్రీశైలానికి నాలుగు దిక్కులా నాలుగు వాకిళ్ళు. దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం, తూర్పున త్రిపురాంతకం. పూర్వం తూర్పు నుంచి మల్లన్న దర్శనానికి పోయేవారు ముందు ఇక్కడ ఆగి, కుమారగిరి మీది స్వామికి మొక్కుకుని, ఆపైన నల్లమల అడవిలో కాలు పెట్టేవారట. ఇప్పుడు వాకిట్లో ఆగేవారు తక్కువ. మార్కాపురం నుంచి వినుకొండ వైపు పోయే బస్సుల్లో జనం, ఊరు రాగానే కిటికీలోంచి ఒక దండం పెట్టి, వదిలిన కునుకును మళ్ళీ అందుకుంటారు.

స్వామి త్రిపురాంతకేశ్వరుడు. ఊరి పేరులోనే కథ ఉన్నది. తారకాసురుడి కొడుకులు ముగ్గురు – తారకాక్షుడు, కమలాక్షుడు, విద్యున్మాలి – బ్రహ్మను మెప్పించి మూడు పురాలు సంపాదించారు. ఒకటి బంగారుది, ఒకటి వెండిది, ఒకటి ఇనుముది. మూడూ ఇష్టం వచ్చినట్టు తిరుగుతూ ఉంటాయి. వెయ్యేళ్ళకు ఒక్కసారి, ఒక్క క్షణం, మూడూ ఒక్కచోటికి వస్తాయి. ఆ క్షణాన ఒకే బాణంతో మూడింటినీ కొట్టగలిగినవాడి చేతిలోనే వాళ్ళకు చావు. శివుడు భూమిని రథం చేసుకున్నాడు. సూర్యచంద్రులను చక్రాలు చేసుకున్నాడు. మేరువును విల్లుగా వంచి, విష్ణువునే బాణంగా సంధించాడు. ఇంత సరంజామా సమకూర్చుకున్న తరువాత ఆయన చేయవలసి వచ్చిన పని ఏమిటయ్యా అంటే, కాచుకుని కూర్చోవడం! పురాణాల్లో యుద్ధాలకు కొదవ లేదు గాని, ఇంతగా వేళ మీద ఆధారపడిన యుద్ధాలు అరుదు.

ఈ కథ ఈసారి నాకు గుర్తుకు వచ్చింది గుడిలో కాదు, మార్కాపురంలో ఒక వాచీ రిపేరు దుకాణంలో.

మార్కాపురం పలకల ఊరు. మాలో చాలామంది అక్షరాలు దిద్దుకున్నది ఆ నల్లరాయి మీదనే. అక్కడ ఒక వీధిలో, మూరెడు అరుగు మీద, అద్దాల పెట్టె వెనుక ఒక ముసలాయన కంటికి భూతద్దం బిగించుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు మా మామగారి రిస్టువాచీ, ముళ్ళు ఊడదీసి, గుడ్డ మీద విడివిడిగా పడి ఉన్నది. ఆయన దాన్ని శుభ్రం చేశాడు. సూదిమొనతో నూనె చుక్కలు వేశాడు. తిరిగి ముళ్ళు తగిలించేటప్పుడు గంటల ముల్లూ, నిమిషాల ముల్లూ, సెకన్ల ముల్లూ – మూడింటినీ సరిగ్గా పన్నెండు మీద ఒకదానిపై ఒకటి పేర్చాడు.

“అక్కడే ఎందుకు పెట్టారు?” అని అడిగాను.

“మూడూ ఒకచోట కలిసేది అక్కడేనండి. ఇంకెక్కడ పెట్టినా లెక్క తప్పుతుంది.”

వేళ్ళు మడిచి చూసుకుంటే ఆయన మాట నిజమే. చిన్నముల్లూ పెద్దముల్లూ రోజుకు 22 సార్లు కలుసుకుంటాయి గాని, సెకన్ల ముల్లు కూడా వచ్చి వాటిలో ఐక్యమయ్యేది పన్నెండు గంటలకే. అంటే రోజుకు రెండే సార్లు. త్రిపురాలు ఒక వరుసకు వచ్చే క్షణం! బంగారం, వెండి, ఇనుము అన్న వరస కూడా కుదిరింది. వాచీల కేసులు చేసేది ఆ మూడింటితోనే గదా.

ముసలాయన అంతటితో ఆగలేదు. “ఈ డయలు మచ్చలు పడిపోయింది సార్. బొంబాయి నుంచి కొత్తది తెప్పించి వేస్తాను. వెనుక మూత పాలిష్ కొట్టిస్తే నిన్న కొన్నట్టుంటుంది” అన్నాడు. నా పక్కనున్న మేనల్లుడు వెంటనే తల ఊపి బయానా కూడా ఇచ్చేశాడు. డయలు వచ్చాక కబురు చేసేటట్టూ, అందాకా వాచీ మా దగ్గరే ఉండేటట్టూ ఒప్పందం అయింది.

మేనల్లుడంటే మా బావమరిది కొడుకు. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం. మాఘమాసంలో పెళ్ళి. కాబోయే మామగారు పెళ్ళినాడు వాడి చేతికి ఒక స్విస్ వాచీ తొడుగుతానన్నాడట. ధర లక్షల్లోనట. వీడేమో తాతగారి వాచీని కూడా మెరిపించి పెట్టుకుంటే, పెళ్ళికి అది, రిసెప్షనుకు ఇది అని లెక్క వేసుకున్నాడు. “మావయ్యా, వాళ్ళదీ హెరిటేజే, మనదీ హెరిటేజే” అన్నాడు బస్సులో. తెలుగు మాస్టరును గనుక ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకున్నది. సరే, ఆ వాళ్ళ హెరిటేజి ఏమిటో చూద్దాం అని, త్రిపురాంతకం చేరేదాకా వాడికి తెలిసినదీ నాకు తెలిసినదీ కలిపి పోగుచేశాము.

రిస్టువాచీ మొదట ఆడవాళ్ళ నగ. నెపోలియన్ చెల్లెలు కారొలిన్, నేపుల్స్ రాణి, 1810లో పారిస్‌లోని బ్రెగే అనే గడియారాల పనివాడికి మణికట్టుకు కట్టుకునే గడియారం కావాలని పురమాయించింది. 1812లో తయారైంది. ఆ వాచీ జాడ ఇప్పుడు లేదు. కంపెనీ చిట్టాలో పద్దు మాత్రం మిగిలింది. ఆ తరువాత నూరేళ్ళ దాకా మగవాడు చేతికి గడియారం కట్టుకుంటే నవ్వేవారు. మగవాడికి జేబుగడియారమూ, దానికో గొలుసూ ఉండాలి. 1904లో పారిస్‌లో సాంతోస్ ద్యుమోఁ అనే బ్రెజిల్ దేశపు వైమానికుడు, విమానం నడుపుతూ జేబులో చెయ్యి పెట్టడం కష్టంగా ఉన్నదని మొరపెట్టుకుంటే, అతని స్నేహితుడు లూయీ కార్టియే చేతివాచీ చేసి ఇచ్చాడు. ఇక మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల్లో ఉన్న సిపాయికి జేబులు వెతుక్కునే తీరిక ఎక్కడిది? గాజులాంటి ఆ నగ కాస్తా మగవాడి చేతికి వచ్చి కూర్చున్నది. యుద్ధపు టాంకును పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో ఆ ఆకారంలో అదే కార్టియే 1917లో గీసిన వాచీ, టాంకు అనే పేరుతోనే నేటికీ అమ్ముడవుతున్నది.

రోలెక్స్ కథ ఇంకా రసవత్తరం. విల్స్‌డార్ఫ్ అనే జర్మనీవాడు 1905లో లండన్‌లో వ్యాపారం పెట్టాడు. 1926లో నీళ్ళు చొరని కేసు తయారుచేసి దానికి ఆయిస్టరు – అంటే ముత్యపుచిప్ప – అని పేరు పెట్టాడు. 1927 అక్టోబరులో మెర్సిడెస్ గ్లైట్జ్ అనే అమ్మాయి ఇంగ్లీషు ఛానల్ ఈదుతుంటే, ఆమె మెడకు ఆ వాచీ కట్టించాడు. చలికి ఆమె స్పృహ తప్పేటట్టున్నదని ఒడ్డు చేరకముందే పడవలోకి తీసుకున్నారు. వాచీ మాత్రం నడుస్తూనే ఉన్నది. విల్స్‌డార్ఫ్ ఒక లండన్ పత్రిక మొదటి పేజీ అంతా కొని ఆ సంగతి ప్రకటించుకున్నాడు. ఈత పూర్తి కాలేదు గాని ప్రకటన పూర్తయింది! (అంతకు ముందు రెండు వారాల కిందటే ఆమె ఛానల్ పూర్తిగా ఈదింది. అప్పుడు మెడలో వాచీ లేదు, పాపం.)

ఈ వాచీలలో ఒకదానికి మన దేశంతో చుట్టరికం ఉన్నది. ఇక్కడి ఇంగ్లీషు దొరలు గుర్రాల మీద పోలో ఆడుతుంటే బంతులు తగిలి వాచీ అద్దాలు పగిలేవి. వాళ్ళ గోడు విన్న ఒక స్విస్ వర్తకుడు, అద్దం ఉన్న ముఖాన్ని లోపలికి తిప్పి దాచుకునే వాచీ చేయించాడు. 1931లో పేటెంటు తీసుకున్న ఆ వాచీ పేరు రివెర్సో. ఎవరో కొట్టిన బంతికి తలవంచి వెనుదిరిగే వాచీ అది. ఇప్పుడు దాన్ని కొనేవారిలో పోలో ఆడేవారెందరో, ఆ స్వామికే తెలియాలి.

ఇన్ని విన్నాక మావాడు, “చూశావా మావయ్యా, ఒక్కొక్కదాని వెనక ఎంత చరిత్రో!” అన్నాడు. అప్పటికి బస్సు ఊళ్ళోకి వచ్చింది. “చరిత్ర కాదురా, ప్రశస్తి. తేడా కొండ మీద చూపిస్తాను, పద” అన్నాను.

త్రిపురాంతకం ఒకప్పుడు కర్నూలు జిల్లాలోది. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం ప్రాంతమంతా అందులోకి వచ్చింది. 1972లో జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. వానలు తక్కువ, రాళ్ళు ఎక్కువ అయిన సీమ. బోరుబావికి నీళ్ళు పడితే పండుగ చేసుకునే సీమ. ఆ ఎండిన నేల మీద కుమారగిరి పెద్ద కొండేమీ కాదు. ఆయాసం రాకముందే ఎక్కేయవచ్చు. పైకి పోతే పడమటి దిక్కున నల్లమల నీలంగా, గీత గీసినట్టు కనిపిస్తుంది.

తెలుగు చదువుకున్నవాడికి ఈ కొండ తీర్థమే. రావిపాటి త్రిపురాంతకుడు ‘త్రిపురాంతకోదాహరణము’ రాసింది ఈ స్వామి మీదనే. ప్రథమా విభక్తి మొదలుకొని వరసగా విభక్తులన్నిటిలోనూ దేవుణ్ణి పిలవడం ఉదాహరణ కావ్యానికి లక్షణం. వ్యాకరణాన్ని పూజాద్రవ్యంగా వాడుకున్న జాతి మనది తప్ప మరొకటి ఉన్నదా అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. ఈ మాట క్లాసులో చెప్పినప్పుడు వెనుక బెంచీలవారు వాచీ చూసుకుంటారు.

ఇక శాసనాలు. కాకతీయుల కాలం నాటివి ఇక్కడ ఎన్నో ఉన్నాయి. వాటిలో కాయస్థ అంబదేవుడి శాసనం చరిత్రకారులకు కంటి వెలుగు. శక వర్షం 1212, అంటే క్రీ.శ. 1290 నాటిది. అంబదేవుడి పెద్దలు కాకతీయుల కింద సామంతులు. ఇతడు రుద్రమదేవి మీద తిరగబడి స్వతంత్రుడయ్యాడు. ఎవరెవరిని గెలిచాడో, ఎవరి గర్వం అణచాడో శాసనంలో వరసగా చెప్పుకున్నాడు. చదువుతుంటే భూమి మీద ఇతడికి ఎదురు నిలిచినవాడే లేడనిపిస్తుంది. కొద్ది కాలానికే ఈ ప్రాంతంలో మళ్ళీ కాకతీయుల మాటే చెల్లింది. దీన్ని ప్రశస్తి అంటారు. అబద్ధమని తోసివేయకూడదు, అక్షరాలా నమ్మకూడదు. నమ్మదగిన భాగం ఎక్కడుంటుందంటే సాధారణంగా చివర్న: ఏ సంవత్సరం, ఏ తిథి, ఏ ఊరి పొలం, ఎన్ని గొర్రెలు, దీపానికి ఎంత నెయ్యి. పొగడ్త కవిది. లెక్క మటుకు ఊరివాళ్ళది.

“రోలెక్స్‌వాడి ఛానల్ ఈత అంబదేవుడి బిరుదావళి లాంటిదన్నమాట” అన్నాడు మావాడు. తెలివైనవాడే. 1953లో ఎవరెస్టు ఎక్కిన దండుకు రోలెక్స్‌వారూ, ఇంగ్లాండులోని స్మిత్స్‌వారూ ఇద్దరూ వాచీలు ఇచ్చారనీ, దిగి వచ్చాక ఇద్దరూ ప్రకటనలు వేసుకున్నారనీ వాడే చెప్పాడు.

అక్కడ ఒక బండ ముందు కూర్చుని అక్షరాల మీద వేలు పెట్టి చూశాము. ఏడువందల ఏళ్ళ కిందటి ఉలిదెబ్బ వేలికి ఇంకా తగులుతుంది. కొన్ని ఊళ్ళలో గుడిని బాగుచేస్తామని శాసనాల మీద దళసరిగా సున్నం కొట్టినవారూ, ఇసుక చిమ్మే యంత్రంతో రాతిని గీకించినవారూ ఉన్నారు. గీకిన తరువాత స్తంభం తళతళలాడుతుంది. అక్షరం మాత్రం ఉండదు. అలా మెరుస్తున్న రాయిని చూసినప్పుడల్లా నాకు, ముత్తవ్వను క్షౌరశాలకు తీసుకుపోయి రంగు వేయించినట్టుంటుంది.

ఆనాడు డిసెంబరు 25. మధ్యాహ్నం కావస్తున్నది. మావాడి దగ్గర ఫోటోలు తీసుకునే కర్ర ఒకటి ఉన్నది. ఎప్పటినుంచో చేయాలనుకుంటున్న పని ఒకటి చేద్దామని, గుడి బయట చదునైన చోట ఆ కర్రను నిటారుగా నిలబెట్టించి, నీడ కొస మీద గులకరాయి ఉంచాను. కాసేపటికి వాడి చేతి మీది కొత్తరకం వాచీ పన్నెండు చూపించింది. మామగారి వాచీలో మూడు ముళ్ళూ కలిశాయి. కాని నీడ ఇంకా కుదించుకుపోతూనే ఉన్నది. ఉత్తరం వైపు కాక రవంత పడమటికి వాలి ఉన్నది. ఫోనులోని దిక్సూచి ప్రకారం నీడ సరిగ్గా ఉత్తరానికి తిరిగేసరికి వాచీల్లో 12 గంటల 12 నిమిషాలు.

మావాడు ఆశ్చర్యపోయాడు గాని దీనిలో మాయ లేదు. మన దేశపు గడియారాలన్నీ 82½ డిగ్రీల రేఖాంశాన్ని అనుసరిస్తాయి. ఆ గీత మన కాకినాడ దగ్గరగా పోతున్నది. త్రిపురాంతకం దానికి మూడు డిగ్రీల పైచిలుకు పడమట ఉన్నది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున కాకినాడ సూర్యుడు ఇక్కడికి రావడానికి 12 నిమిషాలు పడుతుంది. (ఏడాది పొడుగునా ఈ తేడా ఒకే తీరుగా ఉండదు. నవంబరు మొదట్లో సూర్యుడు వాచీ కంటే ముందే నడినెత్తికి వస్తాడు. ఫిబ్రవరిలో ఇంకా వెనుకబడతాడు.) ఈ ఏర్పాటు 1906 జనవరి 1న వచ్చింది. అంతకు ముందు మన రైళ్ళు మద్రాసు నక్షత్రశాల కాలాన్ని బట్టి నడిచేవి. గుంటూరు–గుంతకల్లు రైలుమార్గం మీద మార్కాపురం రోడ్డు స్టేషను గడియారం మద్రాసు మధ్యాహ్నాన్ని చూపుతుంటే, పక్క పొలంలో రైతు తన నీడను తొక్కుకుంటూ తన మధ్యాహ్నానికి అన్నం తినేవాడు.

ఆ రైతుకూ గడియారం లేకపోలేదు. అడుగున సన్నని బెజ్జం ఉన్న రాగి గిన్నెను నీళ్ళ మీద వదిలితే, అది నిండి మునగడానికి పట్టే కాలం ఒక గడియ. 24 నిమిషాలు. దాన్ని గడియకుడుక అనేవారు. గడియను బట్టే గడియారం. పెళ్ళి ముహూర్తానికి పురోహితుడు దాని దగ్గరే కూర్చునేవాడు. రోజుకు 60 గడియలు, గడియకు 360 ఊపిరులు, మొత్తం 21,600. మనిషి ఒక రోజులో తీసే ఉచ్ఛ్వాస నిశ్వాసాల లెక్క అది అని యోగశాస్త్రం చెబుతుంది. తమాషా ఏమిటంటే, కీ ఇచ్చే వాచీల్లో చాలావాటి చక్రం గంటకు కొట్టుకునేది కూడా 21,600 సార్లే! ఇది కేవలం కాకతాళీయం. మామగారి వాచీలాంటి పాతరకాలు 18,000తోనే సరిపెట్టుకుంటాయి.

ఆ వాచీ పేరు సవార్ ప్రైమా. వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీవారిది. పేరు లండన్ పేట పేరు, సరుకు స్విట్జర్లాండుది, అమ్మకం మాత్రం మన బొంబాయి, కలకత్తాలనుంచి. 1886 నుంచీ ఉన్న కంపెనీ. సవార్ అంటే గుర్రపు రౌతు. మన సిపాయిలూ, రైల్వే ఉద్యోగులూ విరివిగా వాడిన వాచీలివి. ఫావర్ లూబావారు కూడా 1865 నుంచి మన దేశంలో వ్యాపారం చేశారు. ఇవి స్విస్ సరుకే అయినా మహారాజుల చేతుల్లో కంటే స్టేషను మాస్టర్ల చేతుల్లో, బడిపంతుళ్ళ చేతుల్లో ఎక్కువగా అరిగాయి. తరువాత 1961లో బెంగుళూరులో హెచ్.ఎం.టి.వారు జపాను సిటిజన్ కంపెనీ సాయంతో స్వదేశపు వాచీ మొదలుపెట్టారు. 1980లలో మన హైదరాబాదు ఆల్విన్‌వారు సైకోతో కలిసి వాచీలు చేశారు. ఆల్విన్ వాచీల ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు. హెచ్.ఎం.టి. వాచీల కంపెనీ మూసివేతకు కేంద్రప్రభుత్వం 2016లో ఆమోదం తెలిపింది. మన ప్రశస్తి రాసేవాడు లేక అవి చరిత్రగానే మిగిలిపోయాయి.

అసలు స్విట్జర్లాండు వాచీలు కూడా ఒక దశలో మునిగిపోవలసినవే. 1969లో, సరిగ్గా మేము కొండ ఎక్కిన తేదీనాడే, డిసెంబరు 25న, జపాను సైకోవారు బాటరీతో, స్ఫటికంతో నడిచే వాచీని అంగట్లో పెట్టారు. సమయం చూపడంలో కీ వాచీ దానికి సాటి రాదు. కొన్నేళ్ళలో స్విస్ ఊళ్ళలో కర్మాగారాలు వరసగా మూతపడ్డాయి. అప్పుడు మిగిలినవారు ఒక ఉపాయం పట్టారు: టైము కోసం కాదు, వంశం కోసం వాచీ కొనండి అన్నారు. 1972లో ఓడేమార్ పిగేవారు రాయల్ ఓక్ అనే ఉక్కు వాచీని బంగారు వాచీల ధరకు మించి పెట్టి అమ్మారు. ఇనుప పురం బంగారు పురాన్ని మించింది! 1996 నుంచి పటెక్ ఫిలిప్‌వారైతే, ఈ వాచీకి మీరు యజమానులు కారు, తరువాతి తరం కోసం కాపలా కాస్తున్నారంతే అనే ధోరణిలో ప్రకటనలు వేశారు. కాపలాదారుడే జీతం ఎదురిచ్చే ఉద్యోగం లోకంలో ఇదొక్కటే కాబోలు.

ఇంత చెప్పి, వాచీ వెనక్కు తిప్పి మావాడి చేతిలో పెట్టాను. మూత మీద ఏవో గీతలు. పలకరాని తెలుగులో ఎవరో ఊరి కంసాలి చెక్కినవి. ఎండలో వాలుగా పట్టుకుంటే గాని అందవు. వాడు కూడబలుక్కుని చదివాడు – “దు-ర్ము-ఖి... ఫా. శు. 5.”

“దుర్ముఖి ఎవరు మావయ్యా? నాయనమ్మను తాతయ్య అలా పిలిచేవాడా?”

నాకు నవ్వాగలేదు. దుర్ముఖి నామ సంవత్సరం, ఫాల్గుణ శుద్ధ పంచమి. 1957 మార్చి. మా మామగారి పెళ్ళిరోజు. ఆయన ఈ మార్కాపురం తాలూకాలోనే పలకలు పట్టుకున్న పిల్లలకు అ ఆలు చెప్పిన ఎలిమెంటరీ బడిపంతులు. ఆ రోజుల్లో పెళ్ళికొడుకు అడిగేవి రెండే – సైకిలూ, రిస్టువాచీ. సైకిలు ఆయనకు ముందే ఉన్నది. వాచీ కోసం పిల్ల తండ్రి కాడెద్దుల్లో ఒకదాన్ని అమ్మాడు. ఆ ఏడు దుక్కి బదులెద్దుతో సాగింది.

ఈ సంగతి మా అత్తగారు ఎన్నడూ ఫిర్యాదుగా చెప్పలేదు. ఆమె దాన్ని వాచీ అని కూడా అనేది కాదు. “ఆ ఎద్దును విప్పి పక్కన పెట్టండి, నీళ్ళు తోడాను” అనేది మామగారితో. “ఎద్దుకు కీ ఇచ్చారా?” అనేది. కొత్త అల్లుడుగా ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజుల్లో ఆ మాటలు విని నేను పెరట్లో కొట్టం కోసం వెతికాను. ఇంట్లో అందరూ నవ్వేవారు. మామగారు మాత్రం నవ్వేవారు కాదు. రోజూ తెల్లవారగానే స్నానం చేసి, ఆ వాచీకి కీ ఇచ్చి, ఆ తరువాతే కాఫీ ముట్టేవారు.

మావాడు ఆ మూతను చాలాసేపు చూశాడు. “ఈ మూతకేనా నేను పాలిష్ కొట్టించమన్నది?” అన్నాడు.

“దానికే.”

2017 అక్టోబరులో న్యూయార్కు వేలంలో పాల్ న్యూమన్ అనే సినిమా నటుడి రోలెక్స్ డేటోనా 1 కోటి 77 లక్షల డాలర్లకు పోయింది. బంగారుది కాదు, ఉక్కుది. దాని వెనుక మూత మీద, కారుపందేల పిచ్చి ఉన్న మొగుణ్ణి జాగ్రత్తగా నడపమని అతని భార్య చెక్కించిన మూడు ముక్కలు ఉన్నాయి. ఎవరైనా మెరుపు కోసం వాటిని రుద్దేసి ఉంటే ఎంత పలికేదో! పాత వాచీలు సేకరించేవారికి ఈ రహస్యం బాగా తెలుసు. మచ్చలు పడినా సరే పుట్టిననాటి డయలు కావాలంటారు. కొత్త రంగు వేసినదాన్ని ముట్టుకోరు. మన దేశంలో వెస్ట్ ఎండ్, హెచ్.ఎం.టి. పాత వాచీలకు ఇలా రంగు డయళ్ళు వేసి అమ్మడం పెద్ద వ్యాపారమైంది. సున్నం కొట్టిన గుళ్ళలాగానే అవీ కళకళలాడుతూ ఉంటాయి.

“ఆ రోజుల్లో ఎద్దు ధర ఎంత ఉండేది మావయ్యా?”

“నీ కాబోయే మామగారు ఏమి చేస్తుంటాడన్నావు?” అని నేను ఎదురు ప్రశ్న వేశాను.

ఆయన ఒక చిన్న ఊళ్ళో ఎరువుల దుకాణం నడుపుతాడు. ఇద్దరు ఆడపిల్లలు, వీడిది పెద్దమ్మాయి. వాడు ఇంకేమీ అడగలేదు. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది. వచ్చిన తరువాత కట్నం పేరు లాంఛనం అయింది, లాంఛనం పేరు గిఫ్టు అయింది. ఎద్దుకు మాత్రం పేరు మారలేదు.

సాయంత్రం దాకా ఉండి, కింద చెరువులోని బాలాత్రిపురసుందరి గుడికి పోయాము. ఇది ఈ క్షేత్రంలో రెండో సగం. స్వామి కొండ మీద, అమ్మవారు నీళ్ళ నడుమ. ఆయన కోసం పైకి ఎక్కాలి, ఆమె కోసం మెట్లు దిగాలి. లోపల చీకటి చల్లగా ఉంటుంది. దీపపు వెలుగుకు కళ్ళు అలవాటు పడేదాకా అమ్మవారు కనిపించరు. దసరా నవరాత్రుల్లో ఇక్కడ ఇసుక వేస్తే రాలదు. మామూలు రోజు గనుక పూజారిగారు తీరిగ్గా అర్చన చేసి, కుంకుమ ఇచ్చి, ఎక్కడినుంచి వచ్చారని అడిగారు. మావాడు గోత్రం చెప్పాడు, తన పేరు చెప్పాడు, ఒక్క క్షణం ఆగి కాబోయే భార్య పేరు కూడా చెప్పాడు.

బయటికి వచ్చాక చెరువు గట్టు మీద నిలబడి రెండు ఫోన్లు చేశాడు. మొదటిది మార్కాపురం దుకాణానికి. డయలు తెప్పించవద్దు, మూత ముట్టుకోవద్దు అని. ముసలాయన బయానా డబ్బు ఏమి చేయమంటావని అడిగినట్టున్నాడు. వాచీ పట్టీకి సర్దుకోమన్నాడు. రెండోది కాబోయే మామగారికి. అది చాలాసేపు సాగింది. అవతల ఆయన ఒప్పుకుంటున్నట్టు లేదు. మావాడు అటూ ఇటూ పచార్లు చేస్తూ, మధ్యమధ్య “అది కాదండీ... నిష్ఠూరం కాదండీ...” అంటున్నాడు. నేను కొంచెం ఎడంగా ఒక రాయి మీద కూర్చుని, ఉడకబెట్టిన శనగకాయలు వలుచుకుంటూ వినుకొండ బస్సు కోసం రోడ్డు వైపు చూస్తున్నాను.